మూడు గంటల గీత

నా నోటుబుక్కుకు రెండు మొదళ్ళు. ముందు అట్ట తెరిస్తే సర్వర్ల సంగతులు, వెనక అట్ట తెరిస్తే అర్థశాస్త్రం పాఠాలు. రెండో పుస్తకం కొనడానికి బద్ధకించి అలా రాశాను, అంతకు మించి గొప్ప ఆలోచనేమీ లేదు. వారమంతా గోదావరిఖనిలో గనుల ఆఫీసు సర్వర్ గదిలో కాంట్రాక్టు ఉద్యోగం. ఆదివారం మంచిర్యాలలో దూరవిద్య ఎం.ఏ. తరగతులు. ముప్పై నాలుగేళ్ళొచ్చాక ఈ చదువేంటని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పాను. నిజం చెప్పాలంటే భయం. కాంట్రాక్టు ఏడాదికోసారి ఊగుతుంది. చేతిలో ఇంకో కాగితం ఉంటే కొంచెం ధైర్యమనిపించింది.

ఉండేది అక్కావాళ్ళ క్వార్టర్లో, ముందు గదిలో. బావ భూగర్భ గనిలో సర్దార్. అంటే, మనుషులు పనిలోకి వెళ్ళకముందే చేతి మీటరు పట్టుకొని తను ముందు నడిచి, ప్రతి చోటా నిప్పంటుకునే గ్యాసు ఎంతుందో చూసి, రిజిస్టర్లో అంకె రాసి సంతకం పెట్టాల్సినవాడు. ఆ సంతకం పడ్డాకే మిగతావాళ్ళు అక్కడ అడుగు పెట్టాలి. పాతికేళ్ళుగా అదే పని. నన్ను చూస్తే మాత్రం ఆయనకు నోరు ఊరుకోదు.

"బామ్మర్దీ, నువ్వు ఏసీల కూసుండి బొగ్గు తీస్తున్నవటగా. చేతికి మసైనా అంటుతదా?"

"నీ బొగ్గు లెక్క నేను రాస్తెనే గదా బావా నీకు జీతం" అనేవాణ్ణి. అక్క ఇద్దర్నీ కలిపి తిట్టేది.

నా పనేమిటో చెప్పాలి. ఒక్కో గనికి ఒక్కో పాత కంప్యూటర్ డబ్బా ఉండేది. హాజరు, లోపలికి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గది లెక్క, బొగ్గు లెక్క, గ్యాసు అంకెలు అన్నీ అందులోనే. లోపల బొగ్గు దుమ్ము, పైన బల్లులు. చాలావరకు ఊరికే కూర్చుని కరెంటు తినేవి. వాటన్నిటినీ తీసేసి రెండు పెద్ద యంత్రాల్లో పెట్టాను. దీన్నే వర్చువలైజేషన్ అంటారు. ఒక పెద్ద యంత్రం లోపల పది యంత్రాలున్నట్టు ఏర్పాటు చేస్తాం. దేనికదే, ఈ ఇల్లంతా నాదేననుకుంటుంది. అక్కకు అర్థమయ్యేలా, పది కుటుంబాలకు ఒకే పెద్ద వంటిల్లు లాంటిదని చెప్పాను.

అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "మరి అందరికి ఒక్కపారే ఆకలైతే ఎట్లరా?" అంది.

నవ్వాను. అట్లా కాదులే అక్కా, అన్నీ లెక్కేసి పెట్టిన అన్నాను. నిజంగానే లెక్కేశాను. నెల రోజులు ప్రతి డబ్బా ఎంత పని చేస్తోందో కొలిచి సగటు తీశాను. పావు వంతు కూడా వాడటం లేదు.

ఆ ఆదివారమే తరగతిలో బ్యాంకుల పాఠం. మా మాస్టారు రిటైరైన మనిషి, సుద్దముక్క అరిగి గోరు బోర్డుకు గీసుకునేదాకా వదలడు. మనం వేసిన డబ్బు బ్యాంకులో ఉండదు, అందరూ ఒక్కరోజే వచ్చి అడగరన్న ధీమాతో దాన్ని ఇంకొకరికి అప్పిస్తారు అన్నాడు. నేను వెంటనే నోటుబుక్కు తిప్పి ముందు వైపు రాసుకున్నాను: "మెమొరీ కూడా ఇంతే." కింద రెండు గీతలు. మర్నాడు వెళ్ళి ఆ రెండు యంత్రాల్లో ఉన్నదానికంటే ఎక్కువ మెమొరీ గనులకు పంచాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, లేనిదాన్ని ధారాళంగా ఇచ్చాను. మా ఆఫీసరు భుజం తట్టాడు. నేను పొంగిపోయాను, వెధవని.

అదే పాఠంలో మాస్టారు ఇంకో మాట కూడా అన్నాడు. జనం పరుగెత్తుకొచ్చిన రోజు ప్రమాదం బయటపడుతుంది గానీ పుట్టేది ఆ రోజు కాదు, ఎవరూ ఏమీ అడక్కుండా నమ్మేస్తున్న రోజుల్లో పుడుతుంది అని. అది నేను రాసుకోలేదు. పరీక్షలో రాదనుకున్నాను.

కొత్త ఏర్పాటుతో పాటు ప్రతి గని పైనున్న ఆఫీసులో ఒక పెద్ద తెర, గని లోపల సెన్సర్లు పెట్టారు. లోపల ఎక్కడెక్కడ ఎంత గ్యాసు ఉందో దాని మీద అంకెలు కనిపిస్తాయి. అందరికీ నచ్చింది. ఎండలు ముదిరాయి. రామగుండం వైపు నుంచి వచ్చే గాలి పొయ్యి మూత తీసినట్టుండేది. దీపాల గది నుంచి ఒకటి రెండుసార్లు ఫోను వచ్చింది, కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తోందని. నెట్‌వర్క్ అన్నాను. మా వృత్తిలో తెలియనిదానికి పెట్టే పేరు అది.

మే నెలలో ఒక ఆదివారం, తరగతి నుంచి వచ్చి హోంవర్కుకు కూర్చున్నాను. ఏదైనా ఒక గీతను తీసుకొని అది పైకీ కిందికీ పోవడానికి కారణాలు రాయమన్నాడు మాస్టారు. బజారు ధరలు వెతకడానికి విసుగేసి, చేతిలో ఉన్నవే గదా అని బావ పనిచేసే గనిలో శనివారం నాటి గ్యాసు అంకెలు తీసి గీత గీయించాను. గ్యాసు గీత ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది. రోజంతా అలాగే ఉంది. మధ్యాహ్నం మూడింటి దగ్గర మాత్రం ఒక్కసారిగా బల్లపరుపుగా సాగి, కాసేపటికి మళ్ళీ వణకడం మొదలైంది.

ముందు రోజు చూశాను. మూడింటికి అదే. పొద్దున ఏడింటికి చూశాను. అదే. రాత్రి పదకొండుకు చూశాను. అక్కడా అదే. నెల వెనక్కి వెళ్తే ఆ చదును నాలుగు నిమిషాలుంది. తర్వాత తొమ్మిది. శనివారానికి ఇరవై ఆరు నిమిషాలైంది.

గ్యాసు అలా ఆగదు. ఆగింది నా యంత్రం. ఊపిరాడక బిగుసుకుపోయి, చివరగా చూసిన అంకెనే తెర మీద చూపిస్తూ ఉంది. తెర ఆరిపోయి ఉంటే ఎవరో ఒకరు అరిచేవాళ్ళు. తక్కువ అంకె కదలకుండా కనబడుతుంటే ఎవరు అరుస్తారు?

ఏడు, మూడు, పదకొండు. షిఫ్టు మారే వేళలు. అన్ని గనుల్లో ఒకేసారి హాజరు పడుతుంది, దీపాలు మారతాయి, బొగ్గు లెక్కలు ఎక్కుతాయి. ఎక్కడో పెద్ద ఊళ్ళో పుట్టినవాడు సగటు తీశాడంటే సరే. నేను ఈ కాలనీలో పుట్టాను. సైరన్ విని బడికి పోయినవాణ్ణి, సైరన్ విని అన్నం తిన్నవాణ్ణి. ఇక్కడ అందరికీ ఒక్కసారే ఆకలవుతుందని నాకు తెలియకపోతే ఇంకెవడికి తెలియాలి? నా మీద నాకే అసహ్యమేసింది. సరిగ్గా మనుషులు లోపలికి దిగే సమయంలోనే నా తెర అబద్ధం చెబుతోంది.

ఆ వారం బావకు మొదటి షిఫ్టు, పొద్దున ఏడింటిది.

సోమవారం పది గంటలకు ఆఫీసరుకు గీత చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు.

"ఇప్పుడు ఆపితే ఎలాగయ్యా? బుధవారం పెద్దవాళ్ళు ఈ తెరలు చూడ్డానికే వస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక కాగితం పెట్టు, నేనే సంతకం పెడతాను. అయినా లోపల సర్దార్లు చేత్తో చూస్తారు కదా. తెర అదనం" అన్నాడు.

ఆ చివరి మాట నాకు అమృతంలా అనిపించింది. అవును కదా, బావే చూస్తాడు కదా. పాతికేళ్ళ చెయ్యి. నా కాంట్రాక్టు కాగితం కూడా ఆ వారమే ఆయన బల్ల మీద ఉంది. రెండూ కలిసి నా నోరు కుట్టేశాయి. ఆ రోజు ఇంట్లో ఏమీ చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఇంటికొచ్చాను, తలనొప్పని చెప్పి. నాలుగింటికి బావ డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి కంచం ముందు కూర్చున్నాడు. అక్క పప్పు వడ్డిస్తోంది. బావ తలకు తడి తువ్వాలు చుట్టుకొని హాయిగా కలుపుకుంటుంటే నేను నా కంచం పక్కకు జరిపాను.

"బావా, గా తెరను నమ్మకు" అన్నాను. "షిఫ్టు మారేటప్పుడు అంకె ఆగిపోతుంది. పాత అంకెనే చూపెడుతది. నువ్వైతే చేత్తోనే చూస్తవ్ గదా, నీకేం ఫికర్ లేదు. ఊకె చెప్తున్న."

బావ చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఎప్పటిసంది?"

"నెల దాటింది."

ఆయన నా వైపు చూడలేదు. "దగ్గర జాగలు చేత్తోనే చూస్తున్న. దూరం జాగలకు మోకాళ్ళు సహకరిస్తలేవు. ఏమాయె, తెర ఉండె గదా, మా బామ్మర్ది పెట్టిందే గదా అని పైననే చూసి అంకె రాస్తున్న. దస్తకత్ పెట్టి మందిని తోలుతున్న."

బావ కంచంలోనే చెయ్యి కడిగేశాడు. అన్నం సగం అలాగే ఉంది.

"నీకెప్పుడు తెల్సింది?"

"ఆదివారం."

ఆయన వేళ్ళ మీద రెండు లెక్కపెట్టాడు. "ముప్పై మంది పోయిండ్రు నిన్న దూరం జాగలకు. ఇయ్యాల గూడ" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. తడి తువ్వాలు అక్కడే పడేసి, చొక్కా వేసుకొని, రెండో షిఫ్టు సర్దార్‌కు చెప్పి దిగినవాళ్ళను పైకి రప్పించడానికి మళ్ళీ గని దారి పట్టాడు. నేను వస్తానంటే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే ఆ గనిలో తెర ఆపించాడు బావ, తన తప్పు తానే మేనేజరుకు చెప్పుకొని. సస్పెండయ్యాడు కొన్నాళ్ళు. తర్వాత మిగతా గనుల తెరలూ ఆగాయి. గ్యాసు యంత్రాలకు విడిగా మెమొరీ ఇచ్చి నేనే సరిచేశాను. నా కాంట్రాక్టు మాత్రం పోలేదు. ఎవరికీ ఏమీ కాలేదు అని నాకు నేను చాలాసార్లు చెప్పుకుంటాను.

కానీ ఆ మధ్యాహ్నం, బావ బండి మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలోనే నిలబడింది. లోపలికొచ్చి ఆయన కంచం తీసి పక్కన పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆదివారమే తెల్సునా నీకు?"

"తెల్సక్కా."

"నిన్న పొద్దుగాల అన్నం డబ్బ కట్టిచ్చిన ఆయనకు. బూట్లు దొరుకుతలేవంటే నీ మంచం కింద లైటేసి చూసిన. నువ్వు పండుకోలే. కండ్లు తెరుచుకొనే ఉన్నవ్."

బావ పడేసి పోయిన తడి తువ్వాలు తీసి మడత పెట్టింది.

"ఇయ్యాల గూడ" అంది అక్క.