సుద్దముక్క నా చేతికి రాని రోజులు

ఆ రోజుల్లో దేవుడు నా పక్షాన ఉన్నాడన్న నమ్మకం ఎంత గట్టిగా ఉండేదంటే, మిగతావాళ్ళ పక్షాన కూడా ఉండవచ్చునన్న ఆలోచనే నాకు వచ్చేది కాదు. బిలాస్‌పూర్‌లో రైలుపెట్టెలు బాగుచేసే ఒక చిన్న షెడ్డులో కొత్తగా ఫిట్టరుగా చేరాను. మా గ్యాంగులో ఆరుగురం. పెట్టెల కింద దూరి బ్రేకుల బోల్టులు బిగించడం మా పని. నేను బిగిస్తూనే కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం చదివేవాడిని. (క్వార్టర్స్ భజన మండలిలో చిన్నప్పుడే నేర్చుకున్నది, ఎక్కడా తడబడేవాడిని కాను. బోల్టుల సంగతి వేరు.) ఎవరి పని పూర్తయితే అక్కడ ఒక సుద్దగుర్తి పడేది. నాకు మాత్రం ఇంకా సుద్దముక్క ఇవ్వలేదు, నా బోల్టుల మీద మా గ్యాంగు పెద్ద, మిస్త్రీయే పెట్టేవాడు. కొత్తవాడినని గారం చేస్తున్నాడనుకున్నాను.

ఆ ఎండాకాలమంతా మా గ్యాంగు చూసిన పెట్టె ఒక్కటీ మళ్ళీ బాగుకు తిరిగి రాలేదు. షెడ్డు పెద్దసారు సంబరపడి, ఈ విజయం ఎలా వచ్చిందో రాసిస్తే పక్క గ్యాంగువాళ్ళు కూడా నేర్చుకుంటారన్నారు. నా హిందీ దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకు పడింది. నా ఉద్యోగం ఖాయం చేయాల్సిన నెల కూడా అదే. పేజీన్నర రాశాను. సారాంశం ఒక్కటే: నిత్య పారాయణ. (చేసేదెవరో వినయంకొద్దీ రాయలేదు గాని, అందరికీ అర్థమయ్యేలానే రాశాను.)

మిస్త్రీది శ్రీకాకుళం వైపు. షెడ్డులో తెలుగువాళ్ళందరికీ మావయ్యే. చదివించుకుని విని, "బాగుంది అల్లుడూ. మరి మనమేటి సేసినామో ఎక్కడా లేదేటి?" అన్నాడు.

"ఆయన కృప లేనిదే మన చేతుల్లో ఏముంది మావయ్యా?"

"అచ్ఛా" అని సుత్తి తీసుకుని పెట్టె కిందికి దూరాడు.

పక్క గ్యాంగువాళ్ళు నిజంగానే పారాయణ మొదలుపెట్టారు, నాలాగే కళ్ళు మూసుకుని. వారం తిరక్కుండా వాళ్ళ పెట్టెలు రెండు వెనక్కి వచ్చాయి. పెద్దసారు నా కాగితం నా ముందు పెట్టి, "రేపు పొద్దున్న ఈ పద్ధతి నా కళ్ళెదుట చేసి చూపించు. లేకపోతే నీ ఉద్యోగం కాగితం మీద సంతకం మరిచిపో" అన్నారు. వెయ్యి నామాల్లో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.

మావయ్య నన్ను పెట్టె కిందికి లాక్కెళ్ళాడు. "మన గ్యాంగులో ఎవుడి పనికి ఆడు గుర్తెట్టుకోడురా. పక్కోడు సుత్తితో తట్టి సూసి ఎడతాడు. నీయి నాను సూస్తన్నాను. నువ్వు కళ్ళు మూసుకుంటే మరొకడు తెరుసుకుని ఉండాల గదేటి?"

"ఎన్ని వదులుగా ఉండేవి మావయ్యా?"

"ఆ లెక్క దేవుడికి సెప్తాను గానీ, సారుకి సెప్పన్లే."

మర్నాడు పెద్దసారు ఎదుట పక్కవాడి బోల్టులు నేను తట్టి చూశాను, నావి మావయ్య తట్టాడు. "సాబ్, కుర్రాడు సగమే రాసినాడు. మిగతాది ఇప్పుడు రాస్తాడు" అని తన హిందీలో చెప్పి, నా చేతిలో సుద్దముక్క పెట్టాడు. ఆ సగం మూడు వాక్యాల్లో అయిపోయింది. సంతకమూ పడింది. భజనలో నాకు ఊపిరి అందనప్పుడల్లా పక్కవాడు చరణం అందుకునేవాడు. అది పాటకే గాని పనికి కాదనుకోవడం ఒక్క నా తెలివికే చెల్లింది.

ఇప్పుడు మావయ్య లేడు. నేనింకా పెట్టె కింద సహస్రనామం చదువుతూనే ఉన్నాను, కళ్ళు తెరిచి. చివర్లో, స్వామి ఏమీ అనుకోడన్న ధైర్యంతో, ఒక్క పేరు అదనంగా కలుపుతాను. మావయ్య వింటే, "బాగుంది అల్లుడూ, మరి దీన్ని తట్టి సూసినోడెవుడు?" అనేవాడు.