లైబ్రరీ గారు పలికేరా అండీ?

కరెంటు పోగానే యూపీఎస్‌లో టక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటనే సన్నటి కూత. రాజమండ్రిలో నేను పనిచేసే ఆసుపత్రిలో, కింది అంతస్తులో ఉన్న మా నెట్‌వర్క్ గదిలో ఈ చప్పుడు రోజుకు రెండుసార్లయినా వినిపిస్తుంది. మొన్న వచ్చినప్పుడు పక్క సీట్లో ఉన్న శిరీష తెర వైపు ఒక చూపు చూసి, "వైఫై పెట్టెలన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి మేడమ్" అంది. నేను లాప్‌టాప్ తీసుకుని లేచాను. "ఉన్నాయి కదండీ, మళ్ళీ ఎక్కడికి?" అంది. ఇరవై మూడేళ్ళ వయసులో ఇదే ప్రశ్న, ఇంతే విసుగ్గా, నేనూ ఒకావిడని అడిగాను. ఆవిడ పేరు జానకమ్మ గారు.

రెండువేల దశకం చివర్లో అమలాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడ నెట్‌వర్క్ ఇన్‌ఛార్జి, నేను ఆవిడ కింద టెంపరరీ టెక్నీషియన్ని. అంతకుముందు, తొంభైల్లో, ఆవిడ రాజోలు వైపు ఒక టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్. ఎడమ చెవి పైన జుట్టు ఎప్పుడూ నొక్కుకుపోయి ఉండేది. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్ పెట్టుకున్న గుర్తు అనేవారు. ఉద్యోగం మానేసి పదేళ్ళయినా జుట్టు లేవకపోవడమేమిటో నాకు అర్థం కాలేదుగానీ, ఆవిడతో వాదించడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. గట్టిగా మాట్లాడి ఎరగరు. అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరినీ "అండీ" అనే పిలిచేవారు. అంత మర్యాదకి ఎదురు చెప్పడం కష్టం.

ఆ మర్యాద మనుషులతో ఆగేది కాదు. కాలేజీ మొత్తం మీద గోడలకి బిగించిన వైఫై పెట్టెలు ముప్ఫై నాలుగు ఉండేవి. వాటన్నిటినీ నడిపే కంట్రోలర్ ఒకటి మా గదిలో ఉండేది. దాన్ని ఆవిడ పెద్దాయన అనేవారు. పెట్టెలకి అవి ఉన్న చోటే పేరు, పేరు చివర గారు. ఏ చిన్న మార్పు చేసినా సరే, తెర మీద ముప్ఫై నాలుగు పచ్చ దీపాలూ వెలుగుతున్నా సరే, లాప్‌టాప్ పట్టుకుని ఒక్కో పెట్టె కిందా నిలబడి, ఏదో ఒక పేజీ తెరిచి చూసి, అక్కణ్ణుంచి నాకు ఫోన్ చేసేవారు. "లైబ్రరీ గారు పలికేరండీ, రాసుకోండి." నేను "ఆయ్" అని టిక్కు పెట్టుకోవాలి. నేను వెళ్ళిన రోజున ఫోన్ చేసి ఆవిడే అడిగేవారు, "లైబ్రరీ గారు పలికేరా అండీ?" అని. నా వరకు అది శుద్ధ చాదస్తం. దీపం వెలుగుతుంటే పలకకేం చేస్తుంది?

ఆ ఏడాది మా కాలేజీకి మొదటిసారి ఒక కంపెనీ వచ్చింది, రెండు వందల మంది పిల్లలకి ఆన్‌లైన్ పరీక్ష పెట్టి ఉద్యోగాలివ్వడానికి. వాళ్ళు తెచ్చిన లాప్‌టాప్‌లు మా పెట్టెల్ని నడిపే పాత సాఫ్ట్‌వేర్‌తో కలవలేదు. అంటే మర్నాడు పొద్దుట తొమ్మిదింటిలోగా కంట్రోలర్‌కీ పెట్టెలకీ కొత్త వెర్షన్ ఎక్కించాలి. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "రేపు హాల్లో ఏ తేడా వచ్చినా ఎల్లుండి నుంచి మీరు రానక్కర్లేదు" అన్నారు. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ కొత్తపేటలో మా బాబాయి కొట్లో కూర్చుని జిరాక్సులు తియ్యడమే నా గతి. సరిగ్గా ఆ మధ్యాహ్నమే జానకమ్మ గారు మురమళ్ళ వెళ్ళాలి. అక్క కూతురికి సంబంధం కుదరాలని వీరేశ్వరస్వామికి కళ్యాణం మొక్కుకున్నారు, తేదీ దొరకడానికే నెలలు పట్టింది.

వెళ్తూ వెళ్తూ చెప్పారు: "ముందు కొత్త వెర్షన్ పెట్టెలన్నిటికీ పంపండి. వారు దాచుకుంటారు. ముప్ఫై నలుగురికీ అందిందని చూసేకే పెద్దాయన్ని రీస్టార్ట్ చెయ్యండి. తొందరపడకండి, ఏం?"

నేను తొందరపడ్డాను. నాలుగింటికి కరెంటు కోత. మూడున్నర కావస్తున్నా పదకొండు పెట్టెలకే అందింది. కంట్రోలర్‌ని రీస్టార్ట్ చేసేస్తే మిగిలినవి వాటంతట అవే వచ్చి తెచ్చుకుంటాయని పుస్తకంలో ఉంది కదా అనుకుని బటన్ నొక్కేశాను. ముప్ఫై నాలుగూ ఒక్కసారే పడిపోయాయి. కంట్రోలర్ లేవగానే, అందనివన్నీ పెళ్ళిలో మొదటి బంతికి ఎగబడ్డట్టు దాని మీద పడ్డాయి. ఒకటి లేస్తే రెండు పడుతున్నాయి. కొత్తది సగం సగం రాసుకుంటూ ఉండగా నాలుగైంది, కరెంటు పోయింది. మా గదికి యూపీఎస్ ఉంది, టక్కుమంది. పెట్టెలకి లేదు. జనరేటర్ అందుకునేలోపు నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ తర్వాత రెండు గంటలు మెట్లెక్కుతూ దిగుతూ, కొన్నిటికి వైర్లు పీకి పెడుతూ, ఏడుపు ఒక్కటే తక్కువగా తిరిగాను. ఆరింటికి తెర మీద ముప్ఫై నాలుగు పచ్చ దీపాలు.

రాత్రి కళ్యాణం అయ్యాక జానకమ్మ గారు ప్రసాదం పొట్లంతో తిన్నగా కాలేజీకే వచ్చారు. నుదుటి మీద కుంకుమ ఇంకా తడిగా ఉంది. "కరెంటు దెబ్బ కొట్టిందండీ, అయినా అన్నీ వచ్చేశాయి" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. "వారు పలకడం మీరు విన్నారా?" అన్నారు. "తెర మీద ఉన్నాయి కదండీ, మళ్ళీ ఎక్కడికి?" అన్నాను. ఆవిడ అప్పటికే లాప్‌టాప్ తీసుకుని గుమ్మం దాటేశారు.

కొత్త బ్లాకు మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటూ ఆగినప్పుడు ఎక్స్‌ఛేంజి సంగతి చెప్పారు. పాత మిషన్ తీసేసి కొత్తది పెట్టిన రోజున, ప్రతి నంబరుకీ రింగ్ చేసి, అవతల మనిషి పలికాకే సరి చూశామని ఆవిడ సంతకం పెట్టాలి. చివర్లో కొన్ని మిగిలాయి. దీపాలు వెలుగుతున్నాయి. ఇంటికి వెళ్ళే వేళయింది, వాటికి రింగ్ చెయ్యకుండానే సంతకం పెట్టేశారు.

"ఒకింట్లో మోగడం లేదండి. ఆ ఇంటాయన మస్కట్‌లో ఉంటారు, శుక్రవారం శుక్రవారం చేస్తారు. వెళ్ళేముందు భార్యాభర్తలిద్దరికీ ఏదో మాటామాటా వచ్చిందిట. ఆయన మూడు శుక్రవారాలు చేసేరు. ఎత్తడం లేదు, ఇంకా కోపమే అనుకుని మానేసేరు. ఈవిడేమో ఆయన చెయ్యడం లేదని అన్నం మానేసేరు. ఉత్తరాలు అటూ ఇటూ తిరిగి విషయం తేలేసరికి రెండు నెలలు."

"ఆవిడ వచ్చి గొడవ చేశారా?"

"లేదండి. కౌంటరు దగ్గర నిలబడి, 'మీరు ఒక్కసారి చేసి ఉంటే నేను ఎత్తేదాన్ని కదండీ' అన్నారు. అంతే. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని."

మూడో అంతస్తులో పరీక్ష హాలు. పెట్టె మీద దీపం నిండుగా పచ్చగా ఉంది. ఆవిడ లాప్‌టాప్ తెరిచారు. పరీక్షకి పెట్టిన నెట్‌వర్క్ పేరు కనబడలేదు. మళ్ళీ చూశారు, లేదు. కొత్తది రాసుకుంటూ ఉండగా కరెంటు పోయిన ఆ పెట్టె తను ఏ హాలు తాలూకో మర్చిపోయి, ఊరూ పేరూ లేని ఖాళీ గుంపులో చేరి కూర్చుంది. కంట్రోలర్‌కి పలుకుతోంది, కింద కూర్చునే మనిషికి పలకదు. రేపు పొద్దుట ఆ హాల్లో పిల్లలు, నా ముందు ప్రిన్సిపాల్ గారు, అంతా ఒక్కసారి కళ్ళ ముందు కనబడింది.

"నేను ఆగలేదండీ" అన్నాను. "పదకొండు పెట్టెలకే అందింది. రీస్టార్ట్ కొట్టేశాను."

"తెలుసండి. కరెంటు పోకముందే ముప్ఫై నాలుగూ ఒకే నిమిషంలో పడ్డాయని రికార్డులో ఉంది కదా. వచ్చీ రాగానే చూసేను." లాప్‌టాప్ నా చేతికిచ్చారు. "వారిని వారి గుంపులో చేర్చండి. మిగిలినవారిని కూడా చూసుకుని ఇంటికెళ్దాం. రేపు పరీక్ష అయ్యేక ప్రిన్సిపాల్ గారికి మీరే చెప్పండి."

పరీక్ష ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. జరిగినదాన్ని ఎందుకు కెలకడమని నాకు చాలా అనిపించింది. అయినా వెళ్ళి చెప్పాను. ఆయన పది నిమిషాలు దులిపేశారు. జానకమ్మ గారు పక్కనే నిలబడి నా తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి ఆయన, "ఏమండీ, ఈ అమ్మాయిని ఉంచమంటారా?" అని అడిగితే, "ఎవరూ అడక్కుండా వచ్చి చెప్పేరు కదండీ. ఉంచండి" అన్నారు.

రిటైరయ్యాక ఆవిడ కొత్తపేటలో ఉండేవారు. ఆదివారాలు ఫోన్ చేసేదాన్ని. హలో అనేవారు కాదు, "ఆయ్, పలుకుతున్నానండీ" అనేవారు. కొన్నాళ్ళకి అందరి ఫోన్లలోనూ మనిషి పేరు పక్కన పచ్చ చుక్క రావడం మొదలైంది. ఆసుపత్రిలో పని ఎక్కువగా ఉన్న ఒక నెల, ప్రతి ఆదివారం ఆవిడ పేరు తెరిచి చూసేదాన్ని. చుక్క ఉండేది. బాగానే ఉన్నారులే, వచ్చేవారం తీరిగ్గా మాట్లాడదాం అనుకునేదాన్ని. ఆ నెలంతా ఆ ఫోన్ ఆవిడ అక్క కూతురి చేతిలో ఉంది. జానకమ్మ గారు మంచం మీద ఉన్నారు. పోయిన మూడో రోజున నాకు తెలిసింది. వెళ్తే ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "మాట చివరిదాకా బాగానే ఉందండీ. మీరు చేసి ఉంటే పిన్ని మాట్లాడేవారు" అంది. తప్పుపట్టి అన్న మాట కాదు. అందుకే నాకు ఏడుపు ఆగలేదు.

మొన్న ఆ లాప్‌టాప్‌తో మూడో అంతస్తు వార్డుకి వెళ్ళాను. పెట్టె కింద నిలబడి పేజీ తెరిచాను, వచ్చింది. గోడ ఫోన్ తీసి కిందికి చేశాను.

"మూడో అంతస్తు గారు పలికేరు, రాసుకో" అన్నాను.

శిరీష ముందు నవ్వింది. నేను ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఆయ్" అంది.