చక్రం కింద రాయి

మధ్యాహ్నం మూడింటికి సైనిక పోస్టు చేరాం. మలేసియాలో పెరాక్ రాష్ట్రం ఉత్తరాన, థాయ్ సరిహద్దు మీద ఒక కొండ. వాన పడుతోంది. నేనున్న ఆరు నెలలూ పడుతూనే ఉందనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. బూట్లలో జలగలు, దుప్పట్లో బూజు, కిందికి ఒకే ఒక ఎర్రమట్టి రోడ్డు. చదును చేసిన కొండ నెత్తిన జెండా కర్ర, చుట్టూ నాలుగు బంకర్లు. నేను మోటారు విభాగం కార్పొరల్‌ని. నాకు అప్పగించిన మోటారు ఒక్కటే, డీజిల్ జీపు. పుట్టుకలో నాకంటే చిన్నది, ఒంట్లో నాకంటే చాలా ముసలిది.

దాని స్టార్టర్ కాలిపోయి ఉంది. కొత్తది పంపమని అడిగితే కింద వర్క్‌షాపు వాళ్ళు కుదరదన్నారు. బాగుచేసే ఖర్చు బండి విలువను మించిపోయిందట, ఇక దాని మీద ఒక్క సెన్ను నాణెం కూడా పెట్టరట. వానలు తగ్గాక కొత్త బండి ఇస్తామన్నారు. ఆ కొండ మీద వానలు ఎప్పుడు తగ్గుతాయో మాత్రం చెప్పలేదు.

అందుకని మాకో పద్ధతి ఏర్పడింది. జీపును ఎప్పుడూ దిగుడు మొదట్లో, ముక్కు కిందికి ఉండేలా ఆపేవాళ్ళం. హ్యాండ్ బ్రేకును నమ్మలేక ముందు చక్రం కింద ఒక రాయి పెట్టేవాళ్ళం. రాయి తీస్తే బండి జారుతుంది. రెండో గేరులో క్లచ్ వదిలితే ఇంజను అందుకుంటుంది. మలుపు లోపలే అందుకోవాలి. మలుపు తర్వాత రోడ్డు మళ్ళీ ఎక్కుతుంది, అక్కడ ఆగితే ఆ బురదలోంచి బండిని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

సార్జంటుకు ఆ రాయిని చూస్తేనే ఒళ్ళు మంట. "రాయి మీద నడిచే సైన్యమా మనది?" అనేవాడు మలయ్‌లో.

వైర్‌లెస్ ఆపరేటర్‌కు మాత్రం జీపంటే నవ్వు. సుంగై సుమున్ అనే ఊరివాడు, మాట చివర మలయ్ వాళ్ళలా 'లా' తగిలించేవాడు. పోస్టు మొత్తం మీద తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

"ఏటన్నా, ఇది మనకంటే ముందు పెన్షన్ తీసుకునేటట్టున్నాది లా."

"నోరు ముయ్‌రా. విన్నాదంటే రేపు కదలదు."

ఒకరోజు పై అధికారి తనిఖీకి వస్తున్నాడన్నారు. తనిఖీ అంటే ఏమిటో ఇళ్ళల్లో ఉండే మీకు తెలియదు. కదలని ప్రతిదానికీ సున్నం కొడతాం. చెట్ల మొదళ్ళకీ, దారి పక్క రాళ్ళకీ కొట్టాం. సార్జంటు జీపును జెండా కర్ర ఎదుట, చదును నేల మీద తిన్నగా నిలబెట్టించాడు. చక్రం కింద రాయికీ సున్నం కొట్టించి దారి అంచున వరుసలో కలిపేశాడు. ఆ ఒక్క రోజూ వాన తెరిపిచ్చింది. అధికారి వరుసను మెచ్చుకుని, టీ తాగి వెళ్ళాడు. ఆ సంబరంలో జీపును మళ్ళీ దిగుడుకు తేవాలని ఎవరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఆపరేటర్ సెట్టు ముందే ముడుచుకుపోయాడు. జ్వరం, వాంతులు. మెడికల్ ఆర్డర్లీ వాడి పొట్ట కుడివైపు నొక్కి చూశాడు.

"అపెండిక్స్. పగిలిందంటే మనం చేయగలిగింది లేదు."

సార్జంటే సెట్టు అందుకున్నాడు. కింద నుంచి జవాబు వచ్చింది: "మబ్బు కమ్మింది. హెలికాప్టర్ లేవదు. ఓవర్." అక్కడి నుంచి బండి కొండెక్కి వచ్చి, మళ్ళీ దిగేసరికి సాయంత్రం అవుతుంది.

సార్జంటు నా వైపు తిరిగాడు. "జీపు?"

"దిగుడు దాకా నెట్టాలి, సార్జంట్."

ఉన్నవాళ్ళమంతా నెట్టాం. చక్రాలు బురదలో కూరుకుపోయాయి. గోనెసంచులు పరిచి, మళ్ళీ నెట్టాం. ముక్కు దిగుడు వైపు తిరిగిందో లేదో, బండి తనంతట తానే జారబోయింది. రాయి, రాయి అన్నాను. సార్జంటే పరుగెత్తాడు. తెల్లని వరుసలోంచి ఒకటి పెకలించి తెచ్చి చక్రం కింద కుక్కాడు. ఆపరేటర్‌ని వెనక పడుకోబెట్టాం. ఆర్డర్లీ వాడి తల పట్టుకుని కూర్చున్నాడు.

"తీయండి," అన్నాను.

చప్పుడు లేకుండా జారుతున్నాం. క్లచ్ వదిలాను. ఒక కుదుపు, ఒక దగ్గు, అంతే. మలుపు దగ్గరకొస్తోంది.

వెనకనుంచి సన్నని గొంతు. "పట్టుకున్నాదా అన్నా?"

మళ్ళీ క్లచ్ నొక్కాను. ఇంకాస్త జారనిచ్చి మళ్ళీ వదిలాను. జీపు ఒళ్ళంతా వణికింది. వెనక నల్లటి పొగ లేచింది.

"పట్టుకున్నాది రా. పడుకో."

అప్పుడు ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి ఇంజను ఆపమన్నాడు. ఆపితే నువ్వే నెట్టాలి అన్నాను. ఊరుకున్నాడు. మధ్యాహ్నానికి ఆపరేషన్ అయిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే పగిలేదన్నాడు డాక్టరు. నేను వెళ్ళి జీపు బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. ప్రాణం తేలికపడింది.

తర్వాత కొత్త జీపు వచ్చింది. పాతదాన్ని తుక్కుకి వేశారు. నా గడువు ముగిసి మా ఊరు ఇపోకి తిరిగొచ్చాను. ఇప్పుడు గుడిలో కలిసినవాళ్ళు నన్ను అడుగుతుంటారు, పాత కారు అమ్మేయాలా, ఇంకా ఖర్చు పెట్టాలా అని. వర్క్‌షాపు వాళ్ళ లెక్క తప్పు కాదంటాను. ఒక వయసు దాటాక బండికి ఒకటి బాగుచేస్తే ఇంకోటి పోతుంది. నా కారూ ముసలిదే. చదును నేల మీద ఆపినా చక్రం కింద ఇటుక పెడతాను, మా ఆవిడ నవ్వుతుంది. ఆపరేటర్‌కు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఎప్పుడు ఫోన్ చేసినా హలో అనడు. "పట్టుకున్నాదా అన్నా?" అంటాడు.

పట్టుకున్న ఆ క్షణాన నేను అద్దంలోకి చూశాను. రోడ్డు నడిమధ్య, వానలో సార్జంటు నిలబడి ఉన్నాడు. ఆ రాయిని చంటిబిడ్డలా రొమ్ముకు హత్తుకున్నాడు. సున్నం కరిగి యూనిఫాం మీదుగా తెల్లగా కారుతోంది. మేం మలుపు తిరిగేదాకా ఆయన దాన్ని కింద పెట్టలేదు.