చివరి పేజీలోని పదకొండు పేర్లు

జగిత్యాల, సిరిసిల్ల వేర్వేరు జిల్లాలైన మరుసటి సంవత్సరం జూన్‌లో నేను జగిత్యాల నుంచి కోరుట్ల పోయే రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ విభాగంలో చేరాను. నియామక పత్రంలో హోదా అసోసియేట్ ప్రొఫెసర్. చేసింది విభాగాధిపతి పని, ఇచ్చింది అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతం. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. అంతకుముందు కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. ఇక్కడ రెండో సంవత్సరం వాళ్లకు స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ చెప్పాలన్నారు. మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను.

ఈ సబ్జెక్టు సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. మొదటి సంవత్సరంలో విద్యార్థి ఖాతాలు, అమ్మకాలు, సిబ్బంది వ్యవహారాలు విడివిడిగా చదువుతాడు. చివరి సంవత్సరంలో వాటన్నిటినీ కలిపి, ఒక సంస్థ రాబోయే ఐదేళ్లలో ఎటు పోవాలి, ఎందుకు పోవాలి, దారికి ఎవరు అడ్డం వస్తారు అని ఆలోచించడం నేర్పుతాం. పుస్తకాల్లో ఉదాహరణలన్నీ విమాన కంపెనీలవి, కూల్‌డ్రింకులవి. మా క్లాసులో సగం మంది తండ్రులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవారు. ఒక వ్యాపారికి అన్నిటికంటే కష్టంగా దొరికే వనరు ఏమిటని మొదటి రోజు అడిగితే, రాయికల్ నుంచి వచ్చే ఒకడు లేచి "వీసా సార్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, ఆ జవాబు తప్పని మాత్రం అనలేకపోయాను.

నాలుగో సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉంటుంది. రిపోర్టు మూడు ప్రతులు బైండు చేయించాలి. ఒకటి యూనివర్సిటీకి, ఒకటి విభాగానికి, ఒకటి విద్యార్థికి. తర్వాత బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి వైవా తీసుకుంటాడు. చాలా కాలేజీల్లో జరిగేదేమిటంటే, హైదరాబాద్ జిరాక్స్ షాపుల్లో దొరికే పాత రిపోర్టు కొనుక్కొచ్చి పేరు మార్చేస్తారు. నా దగ్గర అది సాగదని మొదటే చెప్పాను. బస్సులో పోయి సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దూరంలో ఉన్న వ్యాపారాన్నే తీసుకోవాలి. మనుషుల్ని కలవాలి. కలిసినవాళ్ల పేర్లు, వాడ, ఫోన్ నంబరు చివరి పేజీలో రాయాలి. నాకు అనుమానం వస్తే ఫోన్ చేసి అడుగుతాను. ఈ చివరి పేజీ నిబంధన నేనే పెట్టాను. దాని గురించి గర్వంగా చెప్పుకునేవాడిని కూడా.

నేను పాఠం చెప్పిన రెండో బ్యాచ్‌లో రజిత అనే అమ్మాయి ఉండేది. సొంతూరు సిరిసిల్ల. కోరుట్లలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. తండ్రి సత్తయ్య ఆసామి. సిరిసిల్లలో యజమాని, ఆసామి, కార్మికుడు అని మూడు మెట్లుంటాయి. యజమాని భీములిస్తాడు, అంటే పడుగు నూలు చుట్టిన పెద్ద రోలర్లు. ఆసామికి షెడ్డూ సాంచాలూ ఉంటాయి, అంటే మరమగ్గాలు. ఆసామి నేయించి గుడ్డ తిరిగి యజమానికే ఇస్తాడు. సాంచాలు సొంతమైనా నూలూ సొంతం కాదు, గుడ్డా సొంతం కాదు. యజమాని భీము ఇవ్వకపోతే ఆ రోజు షెడ్డులో చప్పుడుండదు.

రజిత తన ప్రాజెక్టుకు తండ్రినీ, ఆ వాడలోని మరో పదిమంది ఆసాముల్నీ తీసుకుంది. ప్రతి శని, ఆదివారాలు వేములవాడ పోయి లాడ్జీల చుట్టూ తిరిగింది. దర్శనానికి వచ్చే జనంతో ఏడాది పొడుగునా నిండి ఉండే ఆ లాడ్జీలకు దుప్పట్లు సోలాపూర్ నుంచి వస్తున్నాయి. పక్కనే సిరిసిల్ల ఉండగా ఎందుకలా అని అడిగితే ఏ మేనేజరూ సరైన జవాబు చెప్పలేదు. అప్పుడా అమ్మాయి పుస్తకంలో లేని పని ఒకటి చేసింది. బట్టలు ఉతికే చోటికి పోయింది. వచ్చి నాతో, "లాడ్జి ఓనరుకు దుప్పటి సంగతేం తెల్వది సార్. లాండ్రి ఆయన ఏది మంచిదంటె గదే కొంటడు" అంది.

ఆ లాండ్రీ ఆయన బాధ వేరు. పది లాడ్జీల దుప్పట్లు ఒకే కుప్పలో కలిసిపోతాయి. వేసిన ముద్ర నాలుగు ఉతుకులకు పోతుంది. ఎవరిది ఎవరికి పోయిందోనని రోజూ కొట్లాట. రజిత దీనికి జవాబు కనిపెట్టింది. ఒక్కో లాడ్జికి ఒక్కో రంగు అంచు, నేతలోనే. రెండు నీలం గీతలు ఒకరికి, ఒక మెరూన్ గీత ఇంకొకరికి. రంగు మారితే భీము వేరుగా చుట్టాలి కాబట్టి పెద్ద యజమానులు ఇంత చిన్న సరుకు జోలికి రారు. పదకొండు చిన్న షెడ్లు కలిసి సొంతంగా నూలు తెచ్చుకుంటే ఒక్కో షెడ్డు ఒక్కో రంగు నేయవచ్చు. చిన్నవాళ్లు కావడమే ఇక్కడ వాళ్ల బలం. శ్రావణ సోమవారాల రద్దీకి మొదటి సరుకు అందించాలన్నది ప్రణాళిక. ముప్పై ఏళ్ల బోధనలో నేను చదివిన రిపోర్టుల్లో అంత చక్కటిది మరొకటి లేదు.

డ్రాఫ్టు తెచ్చినప్పుడు చివరి పేజీ లేదు. ఎర్ర సిరాతో 'పేర్లు ఎక్కడ?' అని రాసి తిప్పి పంపాను. మర్నాడు వచ్చి నా గది గుమ్మం దగ్గరే నిలబడింది.

"సార్, పేర్లు పెట్టకుంటె నడువదా? యజమాని చెవుల వడ్డదంటె భీములు బందు పెడ్తడు. పదకొండిండ్లు ఆగిపోతయ్."

నిబంధన అందరికీ ఒకటేనన్నాను. యూనివర్సిటీకి పంపే ప్రతి తప్ప ఈ రిపోర్టు మన నాలుగు గోడలు దాటి పోదని మాటిచ్చాను. ఆమె పేర్లు రాసింది.

గైడ్‌గా ఒకసారి షెడ్డు చూడాలి కాబట్టి సిరిసిల్ల వెళ్లాను. సాంచాల చప్పుడులో మాట వినపడక సత్తయ్య నన్ను బయటికి తీసుకొచ్చి, చెట్టు కింద స్టూలు వేశాడు. మనిషి నిదానం. నేను చాయ తాగాక అడిగాడు.

"మా బిడ్డ చెప్పేది సగం సమజైతది, సగం కాదు సారూ. మీరు సదువుకున్నోళ్లు. ఇది అయితదంటరా?"

అవుతుందన్నాను. రిపోర్టు మీద నాకున్న నమ్మకం అది.

"అయితె మీ మాట మీద దిగుతున్నం" అన్నాడు.

వైవాలో ఎగ్జామినర్ ఆమెను కూర్చోబెట్టి ముప్పావు గంట మాట్లాడాడు. నేను ఉబ్బిపోయాను. ఆ ఉబ్బు వారం రోజులు కూడా నిలవలేదు. కాలేజీ యజమానిని మా దగ్గర కరస్పాండెంట్ అంటారు. ఆయన పిలిపించి, ఎంబీఏలో సీట్లు నిండడం లేదు, వచ్చే ఏడాదికి కోర్సు ఎత్తేద్దామనుకుంటున్నానన్నాడు. "ముప్పై మంది గూడ లేకుంటె నేనెట్ల నడుపుత చెప్పున్రి సార్" అన్నది ఆయన ప్రశ్న. అన్యాయమైన ప్రశ్న కాదు. కానీ నాకు రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్లున్నాయి. ఆ వయసులో మరో కాలేజీ నన్ను తీసుకోదు. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు విభాగం బీరువా తెరిచి, మా కోర్సు ఎంత గొప్పగా ఉందో చూపించడానికి నాలుగు రిపోర్టులు తీసుకెళ్లాను. రజితది అన్నిటికంటే పైన పెట్టాను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కరస్పాండెంట్ బామ్మర్దికి సిరిసిల్లలో నూలు వ్యాపారం ఉందని కాలేజీలో అటెండర్‌తో సహా అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మిగతా మూడూ ఆయన ముట్టుకోలేదు. రజిత రిపోర్టు మొదట్నుంచి చివరిదాకా తిప్పాడు. చివరి పేజీ దగ్గర కాస్త ఆగాడు. "ఈ పిల్ల ఏ సత్తయ్య బిడ్డ సార్?" అని అడిగాడు. చెప్పాను. వాడ కూడా చెప్పాను. "మంచిగున్నది. జర నా దగ్గర ఉండనియ్యున్రి, సదువుత" అన్నాడు. ఇచ్చి వచ్చాను. నాలుగు రోజుల తర్వాత, కోర్సు ఇంకో రెండేళ్లు నడిపి చూద్దామన్నాడు. ఇంటికి మిఠాయి తీసుకెళ్లాను.

రజిత సెప్టెంబర్‌లో ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం వచ్చింది. జరిగినదంతా ఆమె నోటి నుంచే విన్నాను. జూన్ చివరి వారంలో పదకొండు షెడ్లకూ ఒకే రోజు భీములు ఆగిపోయాయి. వాళ్లకు నూలిచ్చే యజమాని కరస్పాండెంట్ బామ్మర్దే. పదిహేను రోజులు సాంచాలు నిలిచిపోయాక ఒక్కొక్కరూ ఆయన గుమ్మం ముందు నిలబడి, తప్పయిందని చెప్పి భీములు తెచ్చుకున్నారు. తెచ్చుకున్న భీముల్లో అంచులకు రంగు దారాలున్నాయి. శ్రావణానికి లాడ్జీలకు దుప్పట్లు అందాయి. ఆమె రాసినట్టే, ఒక్కో షెడ్డు ఒక్కో రంగు. కాకపోతే నూలు ఆయనది, గుడ్డ ఆయనది, లాడ్జీలతో మాట ఆయనది. సత్తయ్యకు మాత్రం భీము ఇవ్వలేదు. బిడ్డ రాసింది కాబట్టి తండ్రికి లేదన్నారు. సత్తయ్య తన ఎనిమిది సాంచాల్నీ తుక్కు కింద తూకానికి అమ్మేశాడు. ఇప్పుడు పక్క షెడ్డులో కార్మికుడు. నీలం గీతల దుప్పట్లు నేస్తున్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"ఆ రిపోర్టు ఎట్ల వొయింది సార్ గాడికి?" అని అడిగింది.

 నాకు తెలియదన్నాను. యూనివర్సిటీకి పంపిన కాపీ నుంచి పోయి ఉండొచ్చన్నాను. ఆమె కాసేపు నా వెనక ఉన్న బీరువా వైపు చూసింది.

"అమలయ్యేదాంక ప్లాన్ పోటీదారుకు తెల్వద్దని మూడో యూనిట్ల మీరే చెప్పిన్రు సార్. మిడ్ పరీక్షల గదే రాసిన. పూరా మార్కులేసిన్రు."

సర్టిఫికెట్ తీసుకుని, రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు. హైదరాబాద్‌లో ఒక బట్టల షోరూంలో స్టాకు చూస్తోందని ఆమె క్లాస్‌మేట్ చెప్పగా విన్నాను.

ఆ సంవత్సరం చివర కాలేజీ ప్రాస్పెక్టస్ వేయించారు. ఎంబీఏ పేజీకి రెండు మంచి వాక్యాలు రాసివ్వమని కరస్పాండెంట్ కబురు పంపాడు. 'మా విద్యార్థుల ప్రాజెక్టులు స్థానిక పరిశ్రమలో విజయవంతంగా అమలవుతున్నాయి' అని అచ్చయింది. ఆ వాక్యం రాసింది నేనే. అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

రిటైరయ్యాక ఒక సోమవారం మా ఆవిడ మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ వెళ్లాం. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా నడుం వాల్చుదామని లాడ్జిలో గది తీసుకున్నాం. మంచం మీద దుప్పటి అంచున రెండు నీలం గీతలున్నాయి. ఎన్ని ఉతుకులు పడ్డాయో, రంగు చెక్కుచెదరలేదు. మా ఆవిడ పడుకుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఎందుకు పడుకోవని అడిగితే నిద్ర రావడం లేదన్నాను. ఆమెకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. మొహం చెల్లదు.

నా తర్వాత వచ్చిన లెక్చరర్‌కు బాధ్యతలు అప్పగించేటప్పుడు, ప్రాజెక్టు నిబంధనల్లో చివరి పేజీ తీసేయమని చెప్పాను. కాపీ రిపోర్టులు పెరుగుతాయి కదా సార్ అన్నాడు. పెరగనివ్వమన్నాను. అయితే ఈ అనుభవం నేర్పింది ఆ పేజీ గురించి కాదు. ఎవరి బలమెంత, ఎవరి బలహీనత ఏమిటి అని పిల్లల చేత పట్టికలు వేయించేవాణ్ని. సరుకు ఇచ్చేవాడి పట్టు ఎంత, కొనేవాడి పట్టు ఎంత అని బోర్డు మీద గీసేవాణ్ని. వ్యూహం చెప్పేవాడు తాను ఎవరి జీతం మీద ఉన్నాడో ఆ పట్టికలో మొదటి గడిలో రాసుకోవాలి. చాలాకాలం నేను అది చూసుకోలేదని అనుకుంటూ వచ్చాను. అది నిజం కాదు. చూసుకునే ఆ రిపోర్టు ఇచ్చాను.