కుర్చీ వీపు మీద నూనె మరక

టీచరమ్మ ఎక్కడ కూర్చోవాలన్నా ముందు చేతిరుమాలు తీసి ఆ చోటు తుడుస్తుంది. బస్సులోనూ అంతే, చుట్టాలింట్లోనూ అంతే. "మా ఇల్లు అంత మురికిగా కనబడుతోందా వదినా?" అని ఆడపడుచు మూతి తిప్పినా ఆ చెయ్యి ఆగదు.

ఆమె తుడవలేకపోయిన కుర్చీ ఒక్కటే. అది ఆమె భర్తది.

ఆయన్ని అందరూ పెద్దసారు అనేవారు. మేడమీద రెండు గదుల్లో భార్యాభర్తలు పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పేవారు. నర్సులు, డ్రైవర్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు పొద్దున కొందరు, సాయంత్రం కొందరు వచ్చేవారు. పెద్దసారుకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు, "నాలుగు రోజులు సాయంగా ఉంటా వదినా" అంటూ మరిది దిగాడు. ఆమె కాపురానికి వచ్చేనాటికి ముక్కు తుడుచుకోవడం కూడా రాని పిల్లవాడు. అన్నం కలిపి పెట్టి పెంచింది.

మొదట బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత కుర్చీ అంచున. ఆ తర్వాత వెనక్కి వాలాడు. తలనూనె అంటి కుర్చీ వీపు మీద నల్లటి మరక కట్టింది. సొరుగులో పెద్దసారు కలాల మధ్యకు వెంట్రుకలు చుట్టుకున్న దువ్వెన చేరింది. బల్ల మీద గోళ్ల ముక్కలు. చూసినప్పుడల్లా టీచరమ్మ చెయ్యి చేతిరుమాలు మీదికి పోయేది. అయినా నోరెత్తలేదు. పైపెచ్చు తరగతి అదుపులో ఉండాలని, అతన్ని సారూ అని పిలవమని అందరికీ తానే చెప్పింది. తానూ అలాగే పిలిచింది. అలా అతను అందరికీ చిన్నసారు అయ్యాడు.

ఇప్పుడు పెద్దసారు లేచి తిరుగుతున్నాడు. మాటా తిరిగొచ్చింది. "రేపట్నించి వస్తానే. కూర్చునే చెబుతాను" అన్నాడు.

ఆ సంగతి మరిది చెవిన వేసింది.

"అన్నయ్యకెందుకు వదినా ఈ యాతన? ఇంట్లో రాజాలా కూర్చోక! మాట ఇంకా ముద్దగానే ఉంది. వినేవాళ్లు నవ్వరూ?" అని పళ్ల సందున పుల్ల తిప్పుకుంటూ అన్నాడు.

ఆ సాయంత్రం పాఠంలో 'యూసర్ప్' అనే మాట వచ్చింది. అక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్త మాట నేర్చుకున్నవాళ్లు దాన్ని కళ్లారా చూసిన సంగతికే వాడి చూపాలి. పుస్తకంలోది అప్పజెబితే చెల్లదు. పెద్దసారు పెట్టిన నియమం.

"లాక్కోవడమే కదా టీచరమ్మా?" అన్నాడు లారీ డ్రైవరు.

"చేతిసంచీ లాక్కుంటే ఈ మాట వాడం. పదవికీ, అధికారానికీ, హక్కుకీ వాడతాం. హక్కున్న మనిషి ఉండగానే, లేనివాడు ఆ చోట చేరి తనదే అని నలుగురి చేతా అనిపించుకోవడం. కత్తి దూయనక్కర్లేదు. మెల్లగానూ జరుగుతుంది."

"అంటే ఏకై వచ్చి మేకైనట్టు!"

"అదే."

నర్సు లేచింది. తెరిచి ఉన్న పక్కగది తలుపు వైపు ఒకసారి చూసింది.

"చిన్నసారు హాజ్ యూసర్ప్‌డ్ పెద్దసార్స్ చెయిర్."

పక్కగదిలో కుర్చీ కిర్రుమంది. మరిది గుమ్మంలోకి వచ్చి, పొట్ట నిమురుకుంటూ నవ్వాడు.

"భేష్! ఒక్క తప్పు లేదు. రాజ్యాలు కాజేసినవాళ్లకు వాడే మాట నాకు వాడింది మా నర్సమ్మ. ఇంతకంటే గౌరవం ఏముంది? బోర్డు మీద రాయించు వదినా."

డ్రైవరు నవ్వాడు. అతని వెనక అందరూ నవ్వారు. "థాంక్యూ సార్" అన్నారెవరో.

"సరే సార్" అంది టీచరమ్మ, అలవాటుగా.

ఆ మాట నోట్లో పాచిలా అంటుకుంది. పుక్కిలించి ఉమ్మినా పోలేదు. నలుగురూ సారూ అంటేనే కదా కుర్చీ అతనిదయింది. ఆ నలుగురిలో మొదటి గొంతు ఎవరిది?

మర్నాడు పొద్దున తరగతి నిండాక, ఆమె భర్త చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించింది. మరిది కుర్చీలో వాలి ఉన్నాడు.

"ఒరే చిన్నోడా, లే. మీ అన్నయ్య వచ్చాడు."

"వదినా! పదిమందిలో ఏంటది?"

"పదిమందిలోనేరా. లే."

అతను లేచాడు. ఆమె పెద్దసారును బెంచీ మీద కూర్చోబెట్టి, సబ్బునీళ్లు తెచ్చి, అందరూ చూస్తుండగా ఆ కుర్చీ వీపు రుద్దసాగింది.