ఎత్తు మీద జెండా

మా నాన్న ఇరవై ఏళ్లు జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో పొక్లెయిన్ నడిపాడు. హైదరాబాద్ శివార్లలో గోల్ఫ్ మైదానం కడుతుంటే, అక్కడ గడ్డి పని చూసే నేనే ఆయన్ని మట్టి పనికి పిలిపించాను.

మొదటి వారంలోనే కొంప ముంచాడు. ఆరో గుంట గట్టు పైన ఉంటుంది, బంతిని కింద నుంచి ఎత్తుకి కొట్టాలి. క్వారీలో ఎత్తు కనపడితే చాలు, లోడు లారీ ఎక్కేలా దాన్ని చెక్కి వాలు చెయ్యడం ఆయనకి అలవాటు. ఎవరినీ అడక్కుండా గట్టు అంచంతా చెక్కేశాడు. మైదానానికి నమూనా గీసిన పెద్దాయన వచ్చి తల పట్టుకుని, మళ్లీ మట్టి పోయించాడు. కింద నిలబడితే గుంటలో పాతిన జెండా కొస మాత్రమే కనపడాలట. బంతి ఏమైందో ఎక్కితేగానీ తెలియకూడదట. ఆ ఆశతోనే జనం ఆయాసపడుతూ ఎక్కుతారట. నాన్నకి అది పిచ్చి పనిలా తోచింది. కానీ పోసింది తనే కాబట్టి, ఆ గట్టు మీద ప్రాణం పెట్టుకున్నాడు. ఒక్కసారి తనూ కింద నుంచి కొట్టి, బంతిని ఆ గుంటలో వెయ్యాలని ఆయన కోరిక. నేను రేపూ మాపూ అంటూ గడిపేశాను.

ఈలోగా దగ్గు మొదలైంది. ఇంటికి వెళ్లినప్పుడు నందిగామలో ఎక్స్‌రే చూసిన డాక్టరు, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసిందన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆయన కోరిక. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

ఓ ఉదయం ఆటగాళ్లు రాకముందే తీసుకెళ్లి చేతికి కర్ర ఇచ్చాను. నాలుగోసారికి బంతి గట్టు అంచు దాటింది. ఆయన పది అడుగులు ఎక్కి గడ్డిలో కూలబడ్డాడు. నేను పరుగెత్తాను. బంతి గుంటకి చాలా దూరంలో, ఆటకి అడ్డంకిగా పోసిన ఇసుకలో పడి ఉంది.

"పడిందా?" కింద నుంచి అడిగాడు.

"పడింది నాన్నా," అన్నాను.

బంతి తెచ్చి చేతిలో పెడితే నవ్వాడు. జగ్గయ్యపేటలో ఇంటికి వెళ్లాక వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

ఆ వానాకాలంలోనే పోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా చదివించాక అమ్మ ఆ బంతిని పెట్టెలోంచి తీసి ఇచ్చింది.

"పడలేదని మీ నాన్నకి అప్పుడే తెలుసురా. గుంటలో బంతి తియ్యాలంటే జెండా పీకాలంటగా. కింద నుంచి చూస్తుంటే దాని కొస కదల్లేదంట. 'నా కోసం వాడు అంత పరుగెత్తాడు, ఇంకేం అడుగుతానే' అన్నాడు నాతో."

ఆరో గుంట దగ్గర ఇప్పటికీ నేనే గడ్డి కోయిస్తాను. ఆ రోజు జెండాని కాస్త కదిపితే సరిపోయేది. ఆ మాత్రం కూడా తోచలేదు నాకు.