లవాలు మాయమైన ప్రశ్నపత్రం

మూడు ఊళ్లను కుదిపేసిన మహా సంక్షోభం గురించి చెప్పబోతున్నాను. పెనుకొండ కోట కింద ఒక పగటి పూట పైవాళ్లంతా తలలు తెగి మాయమయ్యారు, కిందివాళ్లు మాత్రం మిగిలారు. మీరు రాయల కాలం దాకా వెళ్లిపోకముందే చెప్పేస్తాను: తలలు తెగింది భిన్నాలకు. ఊళ్లు కూడా ఏమీ కుదుపుకు లోనుకాలేదు. వాటికి ఆ సంగతే తెలియదు.

2004లో నేను హిందూపురంలో ఒక కంప్యూటర్ సర్వీసు సెంటర్లో ఫీల్డ్ ఇంజినీరును. ఫీల్డ్ అంటే ధర్మవరం వరకు ఉన్న డీటీపీ షాపులు. ఇంజినీరు అంటే స్క్రూడ్రైవరున్న మనిషి. నా పైన సీనియర్ ఇంజినీరు ఒకాయన ఉండేవాడు, ఆయనకు రెండు స్క్రూడ్రైవర్లు. నా వయసు చూసి ఈ రిటైర్మెంటు కబుర్లేమిటని నవ్వేవాళ్లున్నారు. రిటైరైంది నేను కాదు, ఆ పని.

ఫిబ్రవరిలో పెనుకొండ నుంచి బాబ్జాన్ ఫోను చేశాడు. బస్టాండు దగ్గర అతనిది డీటీపీ షాపు. పెళ్లిపత్రికలు, అర్జీలు, ప్రశ్నపత్రాలు టైపు చేసేవాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ల ప్రైవేటు బడులు కలిసి ఒక కమిటీ పెట్టుకుని, పదో తరగతికి ఉమ్మడిగా ప్రీఫైనల్ పరీక్ష జరిపేవి. ఆ ఏడాది లెక్కల పేపరు తయారుచేసే పని మొదటిసారి రెహానా మేడమ్‌కు ఇచ్చారు. ఆమె ధర్మవరంలో లెక్కల టీచరు. ఒక్క తప్పు పడినా వచ్చే ఏడాది పాత మాస్టారికే ఇస్తామని ముందే చెప్పారట. మధ్యాహ్నం ప్యాసింజరులో పేపరు ధర్మవరం ప్రెస్సుకు చేరాలి. లెక్కలు టైపు చేయగలవాడు ఆ రైలు లైనులో బాబ్జాన్ ఒక్కడే కాబట్టి, ఆమె స్వయంగా వచ్చి అతని షాపులో కూర్చున్నారు.

నేను వెళ్లేసరికి ప్రూఫు ఆమె చేతిలో ఉంది. ‘కింది భిన్నమును సూక్ష్మీకరింపుము’ అన్న ప్రశ్న కింద ఒక గీత, గీత కింద హారం. పైన ఉండాల్సిన లవం లేదు. వర్గమూలాలకు పైకప్పు లేదు. పేపరంతా గాలివాన వచ్చి పోయినట్టుంది.

“ఇది పిల్లోళ్లకిస్తే సున్నా నాకేస్తారు,” అన్నారు మేడమ్.

“నేనేం ముట్టలేదబ్బా. నిన్న బాగానే ఉండె,” అన్నాడు బాబ్జాన్.

మా వృత్తిలో ఈ మాటను రాసుకుంటాం, నమ్మం.

ఏ లోపాన్నయినా బయట నుంచి లోపలికి వెతుక్కుంటూ పోవాలని పద్ధతి. మొదట ప్రింటరు. తెర మీద కూడా లవాలు లేవు కాబట్టి ప్రింటరు నిర్దోషి. అయినా బ్రష్షు తెచ్చాను కదా అని తుడిచాను. తర్వాత ఫాంట్లు. గణిత చిహ్నాల ఫాంటు లేకపోతే వాటి బదులు డబ్బాలు కనిపిస్తాయి. ఇక్కడ డబ్బాలు లేవు, ఉన్నదే సగం. తర్వాత ఫార్ములాలు రాసే ఎడిటర్ను తీసేసి సీడీ నుంచి మళ్లీ ఎక్కించాను. సీడీ డ్రైవు తలుపు తెరుచుకోక, గుండుసూదితో బతిమాలాల్సి వచ్చింది. ఇంత చేశాక కూడా లవాలు రాలేదు.

విచిత్రమేమంటే, భిన్నం మీద మౌసు రెండుసార్లు నొక్కితే అది ఎడిటర్లో నిండుగా తెరుచుకునేది. మూసేస్తే మళ్లీ తల పోయేది.

“అంటే ఉండాది గదా. ఉండి కనపడకపోయేదేందప్పా?” అన్నారు మేడమ్.

“వైరస్ మేడమ్,” అన్నాడు బాబ్జాన్. అతని లెక్కలో ఫ్యాను నెమ్మదిగా తిరిగినా వైరస్సే.

సీనియర్‌కు ఫోను చేశాను. అన్ని జబ్బులకూ ఆయన దగ్గర ఒకటే మందు. “ఫార్మాట్ కొట్టు.”

“పేపరు కూడా పోతాది సార్.”

“పోతే పోనీ. సిస్టం శుభ్రంగా ఉంటాది గదా.”

మేడమ్ గడియారం చూసుకున్నారు. నాకు విసుగు నెత్తికెక్కింది. కంప్యూటరును వదిలేసి బాబ్జాన్‌ను పక్కన కూర్చోబెట్టి, కొత్త ఫైలులో ఒక్క ప్రశ్న టైపు చేయమన్నాను. చేశాడు. భిన్నం తలతో సహా చక్కగా వచ్చింది. చివర్లో అతని చేతులు వాటంతటవే కదిలాయి. మొత్తం సెలెక్టు చేశాడు, పేరాగ్రాఫ్ తెరిచాడు, లైన్ స్పేసింగ్‌లో ‘ఎగ్జాక్ట్‌లీ’ అని పెట్టాడు. తల ఎగిరిపోయింది.

“ఇప్పుడేం చేసినావు?”

“యాడ? నేనేం చేయలేదే.”

అబద్ధమాడలేదు పాపం. తెలుగు ఫాంట్లలో కింది వత్తులకు, పై గుడులకు చోటు వదలాలి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఎక్కువ వస్తుంది. డీటీపీ వాళ్లంతా ఆ ఖాళీని బిగించి కట్టేస్తారు. పెళ్లిపత్రికైనా అర్జీ అయినా ఆఖరి పని అదే. బాబ్జాన్‌కు అది మార్పు కాదు, అలవాటు. వరుస ఎత్తు ఇంతేనని కట్టేస్తే, అంతకన్నా పొడుగున్న భిన్నాన్ని వర్డ్ పైన కోసేస్తుంది. ముందురోజు బాగా ఉండటానికి కారణం, అప్పటికి టైపు పూర్తికాక ఆ ఆఖరి పని జరగకపోవడమే.

ఫార్ములాలున్న పేరాలన్నిటికీ కట్టు విప్పాం. లవాలు తిరిగొచ్చాయి, వాటితోపాటు అయిదో పేజీ వచ్చింది. పేపరు నాలుగు పేజీలకే ముద్రించాలని కమిటీ తీర్మానం.

“ఒక లెక్క తీసేద్దాం మేడమ్,” అన్నాడు బాబ్జాన్.

ఆమె పేపరును పైనుంచి కిందికి చూశారు. మొదటి పేజీ పైభాగంలో కమిటీ అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుల పేర్లు హోదాలతో సహా లావు అక్షరాల్లో ఉన్నాయి.

“ఈళ్లను తీసెయ్.”

“మేడమ్, అధ్యక్షుల వారి పేరు కూడానా?”

“ఆయప్పేమన్నా పరీక్ష రాస్తాండాడా?”

బాబ్జాన్ నా వైపు చూశాడు. అది సాఫ్ట్‌వేరు సమస్య కాదు కనుక నేను గోడ వైపు చూశాను. పేర్లు పోయాయి, పేపరు నాలుగు పేజీల్లో సర్దుకుంది. మేడమ్ రైలు అందుకున్నారు.

పరీక్ష సవ్యంగా జరిగింది. పేపర్లో తప్పు పడలేదు. అయినా పేర్లు లేవని అధ్యక్షుడు అలిగి, ఆమెను పేపరు పని నుంచి తప్పిస్తున్నానన్నాడట. పాత మాస్టారు మాత్రం కొత్త సిలబస్‌తో తన వల్ల కాదన్నాడు. మరుసటి ఏడాది కూడా పేపరు ఆమే తయారుచేశారు.

ఈ ఉదంతం నేర్పింది ఇంతే. మనిషి ‘ఏం చేయలేదు’ అన్నప్పుడు అతని మాట వినకూడదు, చేతులు చూడాలి. ఇక ఫార్ములా ఉన్న పేరాలో లైన్ స్పేసింగ్ ‘సింగిల్’ పెట్టాలి. ఆ రోజుల్లో అది ఫార్మాట్ మెనూలో, పేరాగ్రాఫ్ అన్న చోట, కుడివైపు ఉండేది.